కడబంతి

క్లబ్బు తలుపుకి రెండు తాళాలు.
ఒకటి బ్యాంకుది. రెండోది కార్యదర్శిది,
చెవితో సహా ఆయన ఊళ్లో లేడు.
కోర్టు కాగితం చూపించి రెండూ కోయించాను.
కోసినవాడికి నూటయాభై. రాసుకున్నాను.
ఖర్చులు ముందు, అన్నది నియమం:
మునిగిన పడవలోంచి మొదట ఒడ్డెక్కేది నా ఫీజే.

నరసాపురం. జూన్ నెల. ఉక్క.
వశిష్ఠ ఫుట్‌బాల్ క్లబ్బు, ఆస్తుల జాబితా:
బంతులు పద్నాలుగు, గాలి నిలిచేవి ఐదు.
స్ట్రెచరు ఒకటి. గడ్డి కోసే యంత్రం, పళ్లు లేవు.
జిల్లా కప్పు. వెండిదనుకున్నాం,
కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి
టీ తాగి వెళ్లిపోయాడు.
మైదానం వీళ్లది కాదు, లీజుది.
వరదొచ్చిన వారం లీజుదీ కాదు, గోదావరిది.

ఎలా పోయిందని అడిగితే ఊరిది ఒకటే మాట: రొయ్య.
వరాహరాజు గారు చొక్కాల వీపున తన మేతబస్తా బొమ్మ వేయించి
ధర పలికిన ఏడు మణిపూర్ నించి ముగ్గుర్ని దింపారు,
రాత్రి మ్యాచీలకి దీపస్తంభాలు నాటించారు.
తెల్లమచ్చ తగిలిన ఏడు
చెరువుల్లో రొయ్యలూ బ్యాంకులో చెక్కులూ
ఒకే తెల్లారి తేలాయి.
"రాజుగారు ఐపీ పెట్టేశారండి" అంటారిక్కడ,
కొత్త కొట్టు పెట్టినంత తేలిగ్గా.

రావలసినవాళ్లు రాసివ్వండని నోటీసు అంటించాను.
రేవు దగ్గర టిఫిన్ హోటలు, రెండు సీజన్ల పెసరట్లు.
బస్సాయన, డీజిలు వేరే కాగితం మీద.
ఎముకల డాక్టరు. కరెంటాఫీసు.
తాడి ఏసుపాదం, గోల్‌కీపరు, ఏడు నెలల జీతం.
తాకట్టు ఏముంది, అన్న గడి దగ్గర కలం ఆగింది.
"మాటుందండి" అన్నాడు.
ఆ గడిలో మాట పట్టదు.

చట్టంలో ఇదంతా భోజనాల వరస.
తాకట్టున్నవాళ్లు, కూలివాళ్లు మొదటి బంతి.
జీతగాళ్లు రెండో బంతి.
పెసరట్లు, డీజిలు, డాక్టరు కడబంతి,
అప్పటికి గిన్నె గీకిన చప్పుడే వడ్డన.
గోలు ముందు పడి లేవడం కూలా, ఉద్యోగమా?
మూడు రోజులు పుస్తకాలు తిరగేశాను.
ఒక్క తీర్పూ దొరకలేదు.
"వడ్డించేవాడు మనవాడైతే..." అంటూ
ఏసుపాదం నా మొహంలోకి చూసి మిగతాది మింగేశాడు.
నేనెవరి వాణ్ణీ కాను. నాకిచ్చేది అందుకే.
రెండో బంతిలో రాశాను.

గడువు చివరి రోజు, సాయంత్రం పంటు దిగి
కొప్పాడి నూకాలు వచ్చింది.
దక్షిణం గోలుకి కట్టిన వల తనదట.
"వాడుకోమని ఇచ్చాడండి మా ఆయన. అమ్మలేదు.
ముడి చూసుకోండి, ఇలా వేసేది మా ఇంట్లోనే."
చూశాను. ఉత్తరం వైపు వలది వేరే ముడి.
పద్దుల్లో ఎక్కడా వల కొన్న బిల్లు లేదు.
క్లబ్బుది కానిది నేను అమ్మకూడదు.
ఆవిడకి ఏ బంతితోనూ పని లేదు.
వేలిముద్ర తీసుకుని, విప్పించి ఇచ్చాను.
మడుస్తూ మడుస్తూ ఒక చిరుగు దగ్గర ఆగి
"ఇది చేప చేసింది కాదు" అంది.
నవ్విందో లేదో మసకలో తెలీలేదు.

లెక్క తేలింది.
మొదటి బంతికి రూపాయికి నలభై ఒక్క పైసలు.
రెండో బంతికి ఆకులు వేశాం, అంతే.
ఏసుపాదానికి ఉత్తరం నేనే రాశాను,
సున్నా అని, అంకెల్లోనూ అక్షరాల్లోనూ.

గోలు స్తంభాల వేలం బుధవారం, కేజీ లెక్కన.
మూడో తాళం నేనే వేశాను.
గోడ పక్కనించి పోతూ చూస్తే
పిల్లలు దూకి లోపలే ఉన్నారు.
వల లేని గోలులోంచి బంతి ఎక్కడా ఆగక
కాలవ దాకా దొర్లిపోతోంది, వెనకాలే ఒకడి పరుగు.
దాని మీద క్లబ్బు ముద్ర ఉంది. గాలి బాగానే ఉంది.
పదిహేనోది.

బస్సుకి టైమైంది.